ఇంగ్లీషు సాహిత్య పరీక్షకు ఎన్ని పారిభాషిక పదాలు కావాలి?

ప్రశ్న: ఎనిమిదో తరగతి దాకా తెలుగు ఒక సబ్జెక్టుగా చదివి, తర్వాత అమెరికా వచ్చాను. ఇప్పుడు పన్నెండో తరగతి. మే నెలలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఇంగ్లీష్ లిటరేచర్ పరీక్ష రాయాలి. దొరికిన జాబితాలన్నీ కలిపి రెండు వందలకు పైగా సాహిత్య పదాలు కార్డుల మీద రాసుకుని కంఠస్థం చేశాను. ఏది అడిగినా నిర్వచనం చెప్పగలను. కానీ క్లాసులో రాసిన కవితా వ్యాసానికి ఆరుకి రెండే వచ్చాయి. మెటఫర్, అలిటరేషన్, ఎంజాంబ్‌మెంట్, అనాఫొరా అన్నీ గుర్తుపట్టి రాశాను. టీచర్ మాత్రం మూడు చోట్ల "అయితే ఏమిటి?" అని రాశారు. ఇంకా ఎన్ని పదాలు నేర్చుకోవాలి? ఎలా నేర్చుకుంటే వ్యాసంలో పనికొస్తాయి? తెలుగులో చదివిన అలంకారాలు ఇక్కడ ఏమైనా ఉపయోగపడతాయా?

సమాధానం:

ఇంకొక్క పదం కూడా అక్కర్లేదు. ఉన్న రెండు వందల్లోంచి కూడా చాలావాటిని పక్కన పెట్టెయ్యమంటాను. నీకు పదాలు బోలెడున్నాయి, పదం తర్వాత రావాల్సిన వాక్యమే లేదు. మీ టీచర్ అడిగింది ఆ వాక్యాన్నే.

పరీక్షను ఎలా కట్టారో ఒకసారి చూడు. మొత్తం మూడు గంటలు. మొదటి గంటలో 55 బహుళైచ్ఛిక ప్రశ్నలు, స్కోరులో వాటి వాటా 45 శాతం. తర్వాతి రెండు గంటల్లో మూడు వ్యాసాలు, వాటి వాటా 55 శాతం. ఒక వ్యాసం వాళ్లిచ్చిన కవిత మీద, ఒకటి వాళ్లిచ్చిన వచన భాగం మీద, మూడోది నువ్వు చదివిన నవలనో నాటకాన్నో తీసుకుని రాసేది. ప్రతి వ్యాసానికీ 6 పాయింట్లు. థీసిస్‌కు, అంటే వ్యాసం నిలబెట్టే ముఖ్య వాదనకు 1, ఆధారాలకూ వాటి మీద చేసే వ్యాఖ్యానానికీ కలిపి 4, ఆలోచనలోని లోతుకు 1. నీకు వచ్చిన రెండూ బహుశా థీసిస్‌కు ఒకటి, ఆధారాలు చూపించినందుకు ఒకటి అయ్యుంటాయి.

ఆ నాలుగు పాయింట్ల వరుసను శ్రద్ధగా చదివితే చాలా భయం పోతుంది. కవిత, వచన వ్యాసాల్లో మూడు పాయింట్లు రావాలంటే వాదన తెగకుండా సాగుతూ, కనీసం ఒక్క సాహిత్య అంశమైనా రచన అర్థానికి ఎలా తోడ్పడిందో వివరించాలి. నాలుగు రావాలంటే ఒకటికి మించి వివరించాలి. ఒకే అంశాన్ని వేర్వేరు చోట్ల చూపించినా, ప్రతి చోటా అర్థానికి కొత్తగా ఏదో చేరుతుంటే అదీ చెల్లుతుంది. అంటే రెండు అంశాలు, బాగా వివరించినవి, చాలు. నువ్వు నాలుగు పేర్లు రాసి ఒక్కదాన్నీ వివరించకుండా వదిలేశావు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ పరీక్ష పెట్టే సంస్థ కాలేజ్ బోర్డ్ ఈ కోర్సుకు ఇచ్చిన వివరణ పత్రంలో నైపుణ్యాలను ఏడు వర్గాలుగా పెట్టారు. అందులో ఆరు "ఫలానా దాని పని ఏమిటో వివరించు" అనే మొదలవుతాయి. పాత్ర పని, నేపథ్యం పని, నిర్మాణం పని, కథకుడి పని, పదాల ఎంపిక పని, పోలిక పని. ఏడోది వాదన కట్టడం. "గుర్తించు, పేరు పెట్టు" అన్నది ఒక వర్గంగా ఎక్కడా లేదు. పైగా అంత్యప్రాసల వరుసకో, ఛందస్సుకో, కవితా రూపానికో పేరు పెట్టమని పరీక్షలో అడగబోమని అదే పత్రంలో రాశారు. ఇది తెలియక ఎందరో పిల్లలు ట్రోకీ, డాక్టిల్, అనపెస్ట్ అంటూ ఇంగ్లీషు గణాల పేర్ల మీద వారాలు ఖర్చుపెడతారు. ఆ వారాల్లో పది మంచి కవితలు నింపాదిగా చదవొచ్చు.

ఇక తెలుగు సంగతి. నీ మూడో ప్రశ్న చిన్నదన్నట్టు చివర పెట్టావు గానీ, నీ మొదటి రెండు ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంది.

తెలుగు పరీక్షలో అలంకారం అడిగితే లక్షణం, లక్ష్యం, సమన్వయం అని మూడు ముక్కలు రాసేవాళ్లం. ఉపమ అయితే ఉపమేయం ఇది, ఉపమానం ఇది, సమానధర్మం ఇది, ఉపమావాచకం ఇది అని విడదీసి చూపిస్తే సమన్వయం పూర్తయ్యేది, మార్కులు పడేవి. నీ ఇంగ్లీషు వ్యాసం కూడా సరిగ్గా అక్కడే ఆగినట్టుంది. ఈ పరీక్షకు నాలుగో ముక్క కావాలి: ప్రయోజనం. కవి ఈ మాటను ఇలా ఎందుకు అన్నాడు? మామూలుగా అని ఉంటే ఏం పోయేది?

ఇదేదో పరాయివాళ్లు కొత్తగా పెట్టిన ప్రశ్న అనుకోవద్దు. మన అలంకారశాస్త్రంలో లక్షణను, అంటే మామూలు అర్థం కుదరనప్పుడు దానికి సంబంధించిన ఇంకో అర్థం తీసుకోవడాన్ని, వివరించడానికి తరతరాలుగా వాడుతున్న ఉదాహరణ ఒకటుంది: గంగలో గొల్లపల్లె. నదిలో పల్లె ఉండదు కాబట్టి మామూలు అర్థం కుదరదు. గంగకూ గట్టుకూ ఉన్న సంబంధం వల్ల "గంగ ఒడ్డున పల్లె" అని అర్థం చేసుకుంటాం. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. పదకొండో శతాబ్దపు మమ్మటుడు కావ్యప్రకాశంలో ఇంకో అడుగు వేయించాడు. సరే, ఒడ్డున అనే అర్థమే కావాలంటే ఒడ్డున అనే అనొచ్చుగా, గంగలో అనడం దేనికి? గంగ చల్లదనం, పవిత్రత ఆ పల్లెకు అంటాలని. ఒడ్డున అంటే ఆ పల్లె ఎక్కడుందో తెలుస్తుంది. గంగలో అంటే దాని గాలి తగులుతుంది. వాడుకలో పాతుకుపోయిన మాట అయితే తప్ప, లక్షణకు ప్రయోజనం ఉండాల్సిందే అని ఆయన షరతు పెట్టాడు.

మీ టీచర్ అడిగినదీ మమ్మటుడు అడిగినదీ ఒకటే. ఇందులోంచి నీకు పనికొచ్చే పద్ధతి ఒకటి వస్తుంది: తీసేసి చూడటం. కవితలో ఒక అలంకారం కనిపించగానే దాని పేరు రాయకు. ముందు ఆ పంక్తిని అలంకారం లేకుండా, ఉత్త మాటల్లో పక్కన రాసుకో. రెండిటినీ పక్కపక్కన పెట్టి చదువు. రెండో దానిలో ఏం పోయిందో అదే నీ వ్యాఖ్యానం. ఏమీ పోలేదనిపిస్తే ఆ అలంకారాన్ని వదిలెయ్యి, నీ వ్యాసానికి అది పనికిరాదు.

ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూపిస్తాను, ఎందుకంటే ఇది చెబితే రాదు, చేస్తేనే వస్తుంది. రాబర్ట్ బ్రౌనింగ్ 1842లో ప్రచురించిన "మై లాస్ట్ డచెస్" మీ క్లాసులో చదివే ఉంటారు. ఒక డ్యూక్ తన గోడ మీదున్న చిత్రాన్ని అతిథికి చూపిస్తూ మాట్లాడతాడు. చిత్రంలో ఉన్నది చనిపోయిన అతని భార్య. వచ్చిన అతిథి, డ్యూక్ చేసుకోబోయే మరో పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చిన దూత. ఆమె అందరినీ చూసి ఒకేలా నవ్వేదని, తన వంశం పేరుకు ఇవ్వాల్సిన విలువ ఇవ్వలేదని డ్యూక్ చెప్పుకొస్తాడు. తర్వాత ఒక చోట అంటాడు: ఆజ్ఞలిచ్చాను, ఆ తర్వాత నవ్వులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అంతే. వెంటనే చిత్రం వైపు తిరిగి, అదుగో, ప్రాణంతో ఉన్నట్టే నిలబడి ఉంది, అంటాడు.

నీ కార్డుల ప్రకారం ఇక్కడ చాలా ఉన్నాయి. చంపించాను అనకుండా ఆజ్ఞలిచ్చాను అనడం యుఫెమిజం. చనిపోయింది అనకుండా నవ్వులు ఆగాయి అనడం మెటానమీ. ఆజ్ఞ తర్వాత పంక్తి చివర వచ్చే విరామం ఎండ్-స్టాప్. కవిత మొత్తం డ్రమాటిక్ మోనొలాగ్. నువ్వు ఇప్పుడు రాసే తీరులో అయితే ఇలా వస్తుంది: "బ్రౌనింగ్ యుఫెమిజం, ఎండ్-స్టాప్ వాడి డ్యూక్ క్రూరత్వాన్ని సమర్థంగా తెలియజేశాడు." ఇందులో అబద్ధం లేదు. చదివినవాడికి కొత్తగా తెలిసింది కూడా ఏమీ లేదు. డ్యూక్ క్రూరుడని కథ తెలిస్తే చాలు.

తీసేసి చూద్దాం. "నేను ఆమెను చంపించాను." ఈ వాక్యంలో నేను ఉంది, ఆమె ఉంది, మధ్యలో హత్య ఉంది. డ్యూక్ వాక్యంలో ఆమె లేదు. ఆగిపోయినవి నవ్వులు. చంపినవాడు లేడు, చచ్చిన మనిషి లేదు. ఆజ్ఞ ఉంది, వెంటనే దాని ఫలితం ఉంది, రెండింటి మధ్య ఏం జరిగిందో అక్కడ ఒక విరామం మాత్రం ఉంది. ఇప్పుడు రాయడానికి నీ దగ్గర సరుకుంది: "డ్యూక్ హత్యను ఆజ్ఞ అనే పాలకుడి మాటలో పెట్టేస్తాడు. ఈ యుఫెమిజం వెనక సిగ్గు కనిపించదు. ఒక ప్రాణం తీయించడం అతనికి ఇల్లు చక్కబెట్టుకునే పనుల్లో ఒకటిగా తోచిందని కనిపిస్తుంది. ఆజ్ఞకూ ఫలితానికీ మధ్య ఉన్న విరామంలో అసలు నేరం మాయమవుతుంది. అతని అధికారం ఎంతటిదంటే, చేసిన పనిని చెప్పాల్సిన అవసరం కూడా అతనికి లేదు." పేరు ఒక్కసారే వచ్చింది చూడు. ఎండ్-స్టాప్ అన్న మాట అసలు రాలేదు, విరామం అన్నాను, అదే సరిపోయింది. మార్కు తెచ్చేది ఆ చివరి రెండు వాక్యాలు.

ఈ కవితలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇంకోటుంది. ఇందులో 56 పంక్తులున్నాయి, అన్నీ జంటలు జంటలుగా అంత్యప్రాసతో నడుస్తాయి. బిగ్గరగా చదివితే మాత్రం ప్రాస దాదాపు వినపడదు. ఎందుకంటే చాలా వాక్యాలు పంక్తి చివర ఆగవు, తర్వాతి పంక్తిలోకి జారిపోతాయి. ఎంజాంబ్‌మెంట్ అని నువ్వు కార్డు మీద రాసుకున్నది ఇదే. పని ఏమిటి? పైకి మామూలు కబుర్లలా సాగే మాటల కింద ఒక కట్టుదిట్టమైన చట్రం కనపడకుండా పట్టుకుని ఉంది. డ్యూక్ కూడా అంతే కదా, మర్యాదగా మాట్లాడుతూనే ప్రతి అడుగూ తన అదుపులో ఉంచుకునే మనిషి. పద్యం నడక, మనిషి స్వభావం ఒకదాన్నొకటి చూపిస్తున్నాయి. ఇలాంటి చోటు ఒక్కటి దొరికితే వ్యాసం నిలబడుతుంది. కవిత చదవడంలోని అసలు సంతోషం కూడా అక్కడే ఉంది.

ఇప్పుడు ఏ పదాలు ఉంచుకోవాలో చెబుతాను. నలభై లోపే. జాబితాలు తయారుచేసేవాళ్లు గ్రీకు పేర్లున్న అలంకారాలకు పెద్దపీట వేస్తారు. పరీక్ష పెద్దపీట వేసేది కథకుడికీ నిర్మాణానికీ. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో కథకుడు లేక వక్త గురించినవే 21 నుంచి 26 శాతం. పాత్రల మీద 16 నుంచి 20, నిర్మాణం మీద అంతే. పదాల ఎంపిక, ఇమేజరీ, సింబల్ అన్నీ కలిపి 10 నుంచి 13. మెటఫర్, సిమిలీ లాంటి పోలికలు ఇంకో 10 నుంచి 13. నీ కార్డుల్లో ఈ నిష్పత్తి తలకిందులుగా ఉండి ఉంటుంది.

అందుకని ముందు "ఎవరు మాట్లాడుతున్నారు" అన్న గుంపు పట్టుకో. స్పీకర్, నెరేటర్, పాయింట్ ఆఫ్ వ్యూ, నమ్మదగని కథకుడు అనే అన్‌రిలయబుల్ నెరేటర్, డ్రమాటిక్ మోనొలాగ్, ఐరనీలో రకాలు, టోన్. వీటితో పాటు ఫ్రీ ఇన్‌డైరెక్ట్ డిస్కోర్స్. పేరు చూసి బెదరకు. "ఆమెకు ఒళ్లు మండింది. ఇతనికి అంత పొగరా!" ఈ రెండో వాక్యం ఎవరిది? కథకుడు చెబుతున్నట్టే ఉంది, కానీ మాట ఆమెది, కోపం ఆమెది. కొటేషన్ గుర్తులు లేకుండా పాత్ర మనసు కథకుడి గొంతులోకి వచ్చేసింది. జేన్ ఆస్టిన్ నవలల్లో ఇది అడుగడుగునా ఉంటుంది. పాత్ర పొరపాటు పడుతుంటే ఆ పొరపాటులోకి మనల్నీ లాగడం, అదే సమయంలో కొంచెం దూరం నుంచి చూడనివ్వడం, రెండూ ఒకేసారి చేయగలగడమే దీని పని. వచన వ్యాసంలో దీన్ని పట్టుకుని సరిగ్గా వివరించిన విద్యార్థి వ్యాసం విడిగా తెలిసిపోతుంది.

తర్వాత నిర్మాణం గుంపు. ఇందులో షిఫ్ట్ అన్న చిన్న మాట ఒక్కటే నీ రెండు వందల కార్డుల్లో సగానికి సమానం. కవితలో ఎక్కడో ఒక చోట గొంతు మారుతుంది, కాలం మారుతుంది, ప్రశ్న జవాబవుతుంది, లేదా జవాబు ప్రశ్నవుతుంది. "కానీ", "అయినా", "ఇప్పుడు" లాంటి మాటల దగ్గర, చరణం మారే చోట వెతుకు. సానెట్ అయితే తొమ్మిదో పంక్తి దగ్గరా చివరి రెండు పంక్తుల దగ్గరా ఆగి చూడు. ప్రశ్నపత్రంలో "సంక్లిష్టమైన" అన్న విశేషణం తరచూ వస్తుంది, వక్తకు ఉన్న సంక్లిష్ట వైఖరి, పాత్రల మధ్య సంక్లిష్ట సంబంధం అని. ఒకే మనిషిలో రెండు పొసగని భావాలున్నాయని దానర్థం. ఆ రెండు భావాల మధ్య గీత సాధారణంగా షిఫ్ట్ దగ్గరే ఉంటుంది. అది దొరికితే థీసిస్ సగం దొరికినట్టే. జుక్స్టపొజిషన్, ఫాయిల్, ఫ్లాష్‌బ్యాక్, మోటిఫ్, ఎంజాంబ్‌మెంట్, పంక్తి మధ్యలో వచ్చే విరామం సిజ్యూరా కూడా ఈ గుంపువే.

మూడో గుంపు మాటలది, పోలికలది. మెటఫర్, సిమిలీ, పర్సనిఫికేషన్, సింబల్, ఇమేజరీ, డిక్షన్, సింటాక్స్, మెటానమీ, సినెక్డకీ, అల్యూజన్, పారడాక్స్, ఆక్సిమోరాన్, ఆంటిథెసిస్, హైపర్‌బోలీ, అండర్‌స్టేట్‌మెంట్, అపాస్ట్రఫీ, అనాఫొరా. వీటిలో చాలావాటిని నువ్వు తెలుగులో ముందే చదివావు. కొన్ని తేడాలు మాత్రం గమనించు. మన రూపకంలో ఉపమేయం, ఉపమానం రెండూ పైకి కనపడాలి. ఉపమేయాన్ని మింగేసి ఉపమానం ఒక్కటే చెబితే అది రూపకాతిశయోక్తి. ఇంగ్లీషులో రెండూ మెటఫర్లే. "ఆశ వాడిపోయింది" అన్నప్పుడు పువ్వు మాటే లేకుండా క్రియ ఒక్కటే పోలికను మోస్తోంది, అదీ మెటఫరే. పరీక్షలో వచ్చే మెటఫర్లలో ఇలా క్రియల్లో దాక్కున్నవే ఎక్కువ లాభం చేస్తాయి, ఎందుకంటే మిగతావాళ్లు వాటిని దాటిపోతారు. ఉత్ప్రేక్షకు అక్కడ విడిగా పేరు లేదు. ఊహించి చెప్పిన పోలిక అని వర్ణించి రాస్తే సరి. వ్యాజస్తుతి అంటే పొగిడినట్టు తిట్టడం లేదా తిట్టినట్టు పొగడటం, అది వెర్బల్ ఐరనీలో ఒక రకం. షేక్‌స్పియర్ జూలియస్ సీజర్‌లో ఆంటొనీ, బ్రూటస్ గౌరవనీయుడు అని మళ్లీ మళ్లీ అంటూ పోతాడు. ఒక్కొక్కసారి అన్నప్పుడూ ఆ మాట కాస్త కాస్త విరుగుతూ, చివరికి జనం నోట తిట్టుగా మారుతుంది. ముక్తపదగ్రస్తానికి ఇంగ్లీషులో అనడిప్లోసిస్ అని పేరుంది. ఆ పేరు నీకు అక్కర్లేదు. "ముందు వాక్యం చివరి మాటతోనే తర్వాతి వాక్యం మొదలైంది" అని రాస్తే దిద్దేవాళ్లకు అంతకంటే స్పష్టంగా అర్థమవుతుంది.

మెటానమీకీ సినెక్డకీకీ తేడా అందరినీ తికమక పెడుతుంది. "గద్దె దిగాడు" అంటాం, అధికారం పోయింది అని. గద్దె అధికారంలో భాగం కాదు, దానికి సంబంధించిన వస్తువు. ఇది మెటానమీ. "ఇంట్లో నాలుగు నోళ్లున్నాయి" అంటాం. నోరు మనిషిలో భాగం, భాగంతో మొత్తాన్ని చెప్పాం. ఇది సినెక్డకీ. దీని ప్రయోజనం కూడా చూడు. నలుగురు మనుషులున్నారు అనకుండా నోళ్లు అనగానే ఆకలి ఒక్కటే ముందుకొచ్చింది, మిగతా మనిషి వెనక్కి పోయాడు. ఇంత చెప్పగలిగితే రెండిటిలో ఏ పేరు పెట్టావన్నది పెద్ద విషయం కాదు.

డిక్షన్ గురించి ఒక మాట. "కవి డిక్షన్ వాడాడు" అని రాయొద్దు. అంటే కవి మాటలు వాడాడు అని. మాటలు వాడని కవి ఉండడు. ఆ మాటలు ఎలాంటివో చెప్పాలి. కోర్టు భాషా, గుడి భాషా, యుద్ధం భాషా, పిల్లల భాషా? ప్రేమకవితలో అప్పు, వడ్డీ, చెల్లింపు లాంటి మాటలు వస్తుంటే, ఆ ప్రేమలో ఎక్కడో లెక్కలున్నాయి. సింటాక్స్ అంతే, వాక్యాలు పొట్టివా, పొడుగువా, ఎక్కడ తెగుతున్నాయి, క్రియను ఎంతసేపు ఆపి ఉంచాడు అన్నది చెప్పకపోతే ఆ మాట రాసి లాభం లేదు.

టోన్ దగ్గర పిల్లలు ఎక్కువగా నష్టపోతారు. బాధగా ఉంది, కోపంగా ఉంది, నెగటివ్‌గా ఉంది అనేసి వెళ్లిపోతారు. నీకు ఇక్కడ ఒక బలం ఉంది. గొంతు ఏమిటో ముందు తెలుగులో పట్టుకో. అది కోపమా, ఉక్రోషమా, నిష్ఠూరమా, ఎత్తిపొడుపా, దెప్పడమా? బాధ అయితే బెంగా, దిగులా, ఆర్తా, ఆశ వదిలేసుకున్న ఉదాసీనతా? ఇంత సన్నని తేడాలు ఇంట్లో వింటూ పెరిగినదానివి లేదా పెరిగినవాడివి. అది తెలిశాక దానికి దగ్గరి ఇంగ్లీషు మాట వెతుక్కో. ఒక్క మాట చాలకపోతే రెండు కలుపు. "ఆప్యాయంగా ఉన్నా దెప్పుతున్నట్టున్న గొంతు" అని రాసినవాళ్లకు సంక్లిష్టత గురించి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. టోన్ రచయితది లేదా వక్తది, మూడ్ చదివేవాడికి కలిగేది. ఈ రెండిటినీ కలిపెయ్యకు. వక్త నవ్వుతూ మాట్లాడుతుంటే మనకు భయం వెయ్యొచ్చు, డ్యూక్ దగ్గర జరిగింది అదే. ఆ నవ్వుతున్నది డ్యూక్, బ్రౌనింగ్ కాదు. వక్తను కవి అనుకుని రాసిన వ్యాసం మొదటి పేరాలోనే దారి తప్పుతుంది.

నీ జాబితాలో ఈథాస్, పేథాస్, లోగాస్, ఎక్సిజెన్స్ ఉంటే తీసెయ్యి. అవి ఏపీ ఇంగ్లీష్ లాంగ్వేజ్ పరీక్షవి. ఉపన్యాసాలు, వ్యాసాలు ఎదుటివాళ్లను ఎలా ఒప్పిస్తాయో పరిశీలించేటప్పుడు అవి కావాలి. రెండు పరీక్షల పదాలూ కలిపేసి ఒకే జాబితా చేసే అలవాటు చాలాచోట్ల ఉంది. కవితలో పేథాస్ ఉందని రాస్తే అది బాధ కలిగించింది అని చెప్పినట్టే, విశ్లేషణ జరగదు. రెటరిక్ పదాల్లో సాహిత్యానికి బాగా పనికొచ్చేవి ఆవృత్తి, సమాంతర నిర్మాణం, ఆంటిథెసిస్, మాటలను తిరగేసి చెప్పే కయాజ్మస్. మాక్‌బెత్ మొదట్లో మంత్రగత్తెలు మంచి చెడ్డ, చెడ్డ మంచి అని తిరగేసి పాడతారు. మాక్‌బెత్ రంగం మీదికి వచ్చీ రాగానే ఇంత చెడ్డదీ ఇంత మంచిదీ అయిన రోజు చూడలేదు అంటాడు. వాళ్లను కలవకముందే వాళ్ల మాట అతని నోట్లో ఉంది. ఇది గమనించినవాడికి కయాజ్మస్ అన్న పేరు తర్వాత చూసుకోవచ్చు.

నేర్చుకునే పద్ధతి కూడా మార్చు. నీ కార్డుల్లో ఒక వైపు పదం, ఇంకో వైపు నిర్వచనం ఉన్నాయి. వాటి బదులు ఒక వైపు నువ్వు నిజంగా చదివిన కవితలోంచి ఒక పంక్తి రాయి, రెండో వైపు ఆ పంక్తి ఏం చేస్తోందో నీ మాటల్లో రాయి, పదం పేరు కింద మూలన చిన్నగా పెట్టు. వేరేవాళ్లు తయారుచేసిన ఉదాహరణ వద్దు. నీ కంటపడి నిన్ను ఆపిన పంక్తే నీకు గుర్తుంటుంది. ఒక్కో పదానికి రెండు కార్డులు చెయ్యి, అవి ఒకే అలంకారంతో పూర్తిగా వేర్వేరు పనులు చేస్తూ ఉండాలి. అనాఫొరా, అంటే వరుస పంక్తులు ఒకే మాటతో మొదలవడం, ఒకచోట ప్రార్థనలా పైకి లేస్తుంది, ఇంకోచోట బయటపడలేని మనసులా అక్కడక్కడే తిరుగుతుంది. ఈ రెండూ చూసినవాళ్లెవరూ "అనాఫొరా ఉద్ఘాటన కోసం వాడతారు" అని రాయరు. ఆ ఉద్ఘాటన అన్న మాట, "పాఠకుడి దృష్టిని ఆకర్షించడానికి", "కవితకు ప్రవాహం ఇవ్వడానికి" అన్న మాటలు నీ వ్యాసాల్లోంచి పూర్తిగా తీసెయ్యి. ఏ కవితకైనా అతికే వాక్యం ఈ కవిత గురించి ఏమీ చెప్పనట్టే.

గత సంవత్సరాల వ్యాస ప్రశ్నలను కాలేజ్ బోర్డ్ ఉచితంగానే పెడుతుంది, విద్యార్థులు రాసిన నమూనా వ్యాసాలతో, వాటికి ఎందుకు ఆ పాయింట్లు ఇచ్చారో వివరణతో సహా. మంచి స్కోరు వచ్చినదాన్ని చదివి మెచ్చుకోవడం కంటే, రెండు పాయింట్లు వచ్చినదాన్ని తీసుకుని దాని ఒక పేరాను నువ్వు నాలుగు పాయింట్ల పేరాగా తిరగరాయడం ఎక్కువ నేర్పుతుంది. పూర్తి వ్యాసాలు రోజూ రాయక్కర్లేదు. ఒక కవిత, ఒక షిఫ్ట్, ఒక పంక్తి మీద తీసేసి చూసే పరీక్ష, నాలుగు వాక్యాల పేరా. అరగంట పని. వారానికి ఒకసారి మాత్రం గడియారం పెట్టుకుని నలభై నిమిషాల్లో పూర్తి వ్యాసం రాయి. మూడు వ్యాసాలకు రెండు గంటలు అంటే ఒక్కోదానికి అంతే సమయం.

వ్యాసం రాసేటప్పుడు పేరాలను అలంకారాల వారీగా, మెటఫర్‌కొకటి, ఇమేజరీకొకటి అన్నట్టు, విడగొట్టకు. అలా చేస్తే వాదన ముక్కలవుతుంది. కవిత మలుపుల వెంట నడువు. మొదటి భాగంలో వక్త ఏం నమ్ముతున్నాడు, ఏ మాటల వల్ల అది తెలుస్తోంది, ఎక్కడ ఆ నమ్మకం కదిలింది, చివరికి ఏమైంది. అలంకారాలు ఆ కథలో అవసరమైన చోట వాటంతట అవే వస్తాయి. థీసిస్‌లో కూడా అలంకారాల పేర్ల వరుస వద్దు. ప్రశ్నలో ఉన్న మాటలనే తిప్పి రాసి, కింద మూడు పదాలు చేర్చితే అది థీసిస్ అవదు, ఆ పాయింటు రాదు. నీ థీసిస్ ఇంకొకరు కాదనగలిగేలా ఉండాలి.

బహుళైచ్ఛిక ప్రశ్నల్లో అప్పుడప్పుడు పారిభాషిక పదాలు నేరుగా కనపడతాయి, పైన చెప్పిన నలభైలోనివే సాధారణంగా. తెలియని పేరు వస్తే ముందు ఆ పంక్తిలో ఏం జరుగుతోందో మనసులో చెప్పుకో, తర్వాత కుదరనివి కొట్టేసుకుంటూ రా. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు.

పరీక్ష మధ్యలో ఒక అలంకారం పేరు ఎంతకీ గుర్తు రాకపోతే దాని కోసం నిమిషాలు పోగొట్టుకోకు. "ఇక్కడ వక్త ఎదురుగా లేని చావును పిలిచి, మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు" అని రాసి, అలా పిలవడం వల్ల ఏం జరిగిందో చెప్పేసెయ్యి. అపాస్ట్రఫీ అన్న మాట లేనందుకు ఒక్క పాయింటు కూడా పోదు. సందేహంగా ఉన్న పేరును మాత్రం రాయకు. తప్పు పేరు పెడితే, దాన్ని సమర్థించుకోవడానికి తర్వాతి వాక్యాలన్నీ కవితను వంచడం మొదలుపెడతాయి.